చెరువునకు ఏడవ దోషము

(అనంతసాగరమున చెరువు క్రింది రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామము పేరులోనే సాగరమున్నది. సముద్రము ఇచ్చటికి చాల దూరము. అయినను నిలిచిన మంచినీటిని సాగరమని పిలిచి గౌరవించిన పెద్దలు మన పూర్వులు. మెట్టలు, గుట్టలు, వానకు పొంగి ఎండకు ఇంకిపోవు వాగులు గల ఈ పడమటి నెల్లూరు సీమలో చెరువు నిండిన యేడు ఊరంతయు కళకళలాడును. చెరువు ఎండిన యేడు పశువులు సంతకు పోవును, పనివారు పట్నమునకు పోవుదురు. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

నేడు నేను మాటాడదలచినది చెరువు నిండుటను గూర్చి గాని, ఎండుటను గూర్చి గాని కాదు. చెరువులో నీరుండగనే ఆ నీరు పశువునకు, మనిషికి పనికిరాకుండ పోవుటను గూర్చి. వేసవిలో రేవు వద్ద పచ్చగా పేరుకొను నాచును గూర్చి.

"నాచు ఏమంత పెద్ద విషయము? కాలు జారకుండ నడచిన చాలును గదా!" అని మీలో కొందరు అనుకొనవచ్చును. చిన్ననాడు నేనును అట్లే అనుకొంటిని. అట్లనుకొన్నందువలన మా యింట జరిగిన నష్టమును మొదట చెప్పెదను.

ఒక గేదె, రెండు ఇండ్లు

మాదియు ఇట్టి చెరువు క్రింది పల్లెయే. అప్పుడు నాకు పదేండ్లు. వైశాఖమాసము. చెరువు తగ్గిపోయి తూము దగ్గర మడుగువలె మిగిలినది. రెండు మూడు దినములుగా ఆకు కదలని ఉక్క. మాకొక పాడిగేదె యుండెను. అది ఈని నెల దాటలేదు. ఇంటి ఖర్చులును, నా బడి పుస్తకములును ఆ పాలమీదనే గడచుచుండెను. దానిని నీటికి తోలుకొనిపోవుట నా పని. ఆ ఉదయము రేవులో నీటి అంచున ఎవరో పచ్చరంగు ఒలకబోసినట్లుండెను. గేదె ఆ అంచుననే మూతి పెట్టి కడుపార త్రాగినది. నేను గట్టుమీద కూర్చుండి చూచుచునే యుంటిని.

మధ్యాహ్నమునకు దానికి వణకు పుట్టినది. కాళ్ళు తడబడినవి. దీపాలు పెట్టువేళకు ప్రాణము పోయినది.

అప్పుడు మా తండ్రికిని, ప్రక్కచేని ఆసామికిని గట్టు తగాదా నడచుచున్నది. ఆయన మాకు పెదనాన్న వరుస. గడ్డిలో విషము కలిపినది ఆయనయే యని మా తండ్రి నిశ్చయించుకొనెను. ఆ మాట విని ఆయన మా చూరు క్రిందికి వచ్చి నిలిచి, "తమ్ముడూ, పశువు మీద పగ తీర్చుకునేవాడు రైతా?" అని ఒక్క మాట అడిగెను. మా తండ్రి బదులు పలుకక తలుపు మూసెను. ఆ తరువాత పదకొండు సంవత్సరములు ఆ రెండిండ్లకు మాటలు లేవు. పెండ్లిండ్లకు పిలుపులు లేవు. పెదనాన్న పోయిననాడు మా తండ్రి శ్మశానము దాక నడచి వెళ్ళి వచ్చి, రెండు దినములు అన్నము ముట్టలేదు.

తరువాత చాలకాలమునకు, నేను చదువుకొనుచున్న దినములలో, ఒక పాత వృత్తాంతము నా కంటబడెను. ఆస్ట్రేలియా దేశమున అలెగ్జాండ్రినా అను సరస్సు కలదు. 1878లో జార్జి ఫ్రాన్సిస్ అను నతడు ఆ సరస్సును గూర్చి 'నేచర్' అను శాస్త్రపత్రికకు వ్రాసెను. నీటిపై నాచు పచ్చని నూనెరంగు వలె దట్టముగా పేరుకొన్నదనియు, ఆ నీరు త్రాగిన గొర్రెలు, గుఱ్ఱములు, కుక్కలు, పందులు కొన్ని గంటలలోనే మరణించినవనియు అందు కలదు. అది చదివినప్పుడు మా ఊరి రేవు నా కన్నులకు కట్టినది.

మా గేదె నాచువలననే చచ్చినదని నేడు నేను రుజువు చేయలేను. ఆనాడు ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపినవారు లేరు. ఒక్క సంగతి మాత్రము నిజము. మేము ప్రక్కింటి మనిషిని అనుమానించితిమి గాని, మా చెరువు నీటిని అనుమానింపలేదు.

మడిలో మిత్రుడు, చెరువులో శత్రువు

నాచంతయు విషమని భయపడనక్కరలేదు. వేరు, కాండము, ఆకు అను భేదము లేక, ఎండ తగిలిన చోట, నీటిలో కరిగిన లవణములను తీసికొని పెరుగు చిన్న జీవము నాచు. చెరువులో చేపల ఆహారమునకు మొదలు అదియే. పగటివేళ నీటికి ప్రాణవాయువు నిచ్చునదియు అదియే.

అందులో నీలి ఆకుపచ్చ నాచు అను నొక తెగ యున్నది. ఈ తెగలోని కొన్ని జాతులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇచ్చును. వరిమళ్ళలో ఈ నాచు చేయు మేలును 1939లో మన దేశపు శాస్త్రజ్ఞుడు పి. కె. డే నిరూపించెను. నాట్లు పడిన వారము పది దినములకు ఎకరమునకు 4 కిలోల చొప్పున ఎండిన నాచుపొడిని మడిలో చల్లుమని వ్యవసాయశాఖవారు చెప్పుట మీలో పలువురు విన్నదే.

అయితే ఆ తెగలోనే విషమును పుట్టించు జాతులును ఉన్నవి. వాటిలో కొన్నిటి విషము కాలేయమును, కొన్నిటిది నరములను దెబ్బతీయును. కొద్దిగా నున్నప్పుడు వీటివలన హాని కనబడదు. మితిమీరి పెరిగి ఒక్కచోట పేరుకొన్నప్పుడే ప్రమాదము. పశువునకు వణకు, తూలుట, ఊపిరాడకుండుట, కొన్ని గంటలలో మరణము కలుగవచ్చును. బ్రతికిన పశువునకు చర్మము ఎండకు తాళలేక పొట్టు రేగవచ్చును. మనుష్యులకు ఆ నీట స్నానము చేసిన దురదలు, దద్దురులు, మ్రింగిన వాంతులు, విరేచనములు కలుగును. ఈ విషమునకు సరియైన విరుగుడు మందు లేదు. కనుక రాకుండ చూచుకొనుటయే మందు.

విషము లేకున్నను మరియొక నష్టమున్నది. పగలు ప్రాణవాయువు నిచ్చిన నాచు రాత్రివేళ దానినే తిరిగి వాడుకొనును. నాచు చచ్చి కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు మరింత తరిగిపోవును. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచున్న యెడల, అవి ఆడుకొనుచున్నవని తలపరాదు. వాటికి ఊపిరి అందుట లేదని గ్రహింపవలెను.

కఱ్ఱతోను, సీసాతోను పరీక్ష

చెరువులో పచ్చగా కనబడునది ఏ తెగయో తెలిసికొనుటకు రెండు సులభమైన పరీక్షలు చెప్పెదను. ఇవి బడిపిల్లలకును అర్థమగును గాని, పెద్దల చేతనే చేయింపవలెను.

మొదటిది కఱ్ఱ పరీక్ష. పొడవాటి కఱ్ఱను పచ్చదనములో త్రిప్పి పైకెత్తుడు. కఱ్ఱకు నూలుపోగుల వలె, జడల వలె చుట్టుకొని వచ్చిన యెడల అది పోగునాచు. సాధారణముగా విషము లేనిది. కఱ్ఱకు ఏమియు చుట్టుకొనక, రంగు పూసినట్లు మాత్రము అంటుకొన్న యెడల నీలి ఆకుపచ్చ నాచని అనుమానింపవలెను.

రెండవది సీసా పరీక్ష. తెల్లని గాజుసీసాలో ముక్కాలు వంతు ఆ నీటిని పట్టి, మూత బిగించి, కదల్చక నీడలో ఒకటి రెండు గంటలు ఉంచుడు. పచ్చదనము అడుగునకు దిగిన యెడల భయము తక్కువ. పైకి తేలి మీగడవలె కట్టిన యెడల ఆ నీటిని పశువులకు పెట్టరాదు. సీసాను పట్టునప్పుడు చేతికి రబ్బరు తొడుగో, గట్టి ప్లాస్టిక్ సంచియో వేసికొనవలెను.

ఈ పరీక్షలు అనుమానమునకే గాని నిర్ణయమునకు చాలవు. నిర్ణయము పరీక్షశాలది. అయినను అనుమానము కలిగిననాడే పశువులను మళ్ళించిన యెడల నష్టమేమియు లేదు. నిర్ణయము వచ్చువరకు ఆగుటలోనే నష్టమున్నది.

ఈ పచ్చదనము ఎచ్చటినుండి వచ్చినది?

ఎండ, ఉక్క, కదలని నీరు, తగ్గిన మట్టము, ఇవి నాచు పెరుగుటకు అనువైన పరిస్థితులు. కాని తిండి లేక ఏ జీవియు పెరుగదు. నాచునకు తిండి నత్రజని, భాస్వరము. మనము చేనికి వేయు ఎరువులోని సారము, పేడలోని సారము, మురుగులోని సారము, అన్నియు ఇవియే. నీటికి తెలియదు గదా, ఇది వరికొరకు వేసినది, ఇది నాచుకొరకు వేసినది యని!

ఈ విషయమును తేటతెల్లము చేసిన ప్రయోగమొకటి 1973లో కెనడా దేశమున జరిగినది. నడుమ సన్నమై రెండు భాగములుగా నున్న ఒక చిన్న సరస్సును శాస్త్రజ్ఞులు ఎన్నుకొని, ఆ సన్నని చోట అడ్డముగా తెర కట్టిరి. రెండు ప్రక్కలను నత్రజనిని, బొగ్గుసారమును కలిపిరి. ఒక ప్రక్క మాత్రము వాటితోపాటు భాస్వరమును కూడ కలిపిరి. అచిరకాలములో భాస్వరము చేరిన ప్రక్క నాచుతో పచ్చబడినది. రెండవ ప్రక్క ఎప్పటివలె తేటగా నుండెను. ఎండ ఒక్కటే, గాలి ఒక్కటే, సరస్సును ఒక్కటే. భేదము మనుష్యుడు కలిపిన దానిలోనే యున్నది.

ఇక మన చెరువులోనికి ఈ సారము వచ్చు దారులను చూడుడు. చెరువు క్రింది పొలములలో వేసిన ఎరువు మన చెరువునకు రాదు. అది దిగువ వాగులలో పడి దిగువ చెరువునకు పోవును. మన చెరువునకు వచ్చునది ఎగువ పొలముల ఎరువు, ఎగువ పల్లెల మురుగు, వాగు ఒడ్డున వేసిన పెంటకుప్పల రసము. వీటికి మన రేవున బట్టల సబ్బునీరును, చేపల పెంపకమునకై కొన్నిచోట్ల చెరువులో గ్రుమ్మరించు పేడయు, కోళ్ళ ఎరువును తోడగును. ఏండ్ల తరబడి చేరిన పూడికమట్టిలోను భాస్వరము నిలువయుండును. అడుగున ప్రాణవాయువు తరిగినప్పుడు ఆ భాస్వరము మరల నీటిలోనికి వచ్చును.

మీ మండలములోనే సోమశిల జలాశయమున్నది. సుమారు 78 టి.ఎం.సి.ల నీటిని పట్టగల ఆ జలాశయమునకు పెన్న కడప జిల్లా మీదుగా వచ్చుచున్నది. అందలి నీరు నెల్లూరు మాగాణికి పోవుచున్నది. కండలేరు జలాశయమునకు పోయి, అటనుండి తెలుగుగంగ కాలువ ద్వారా చెన్నై పట్టణపు దాహము తీర్చుచున్నది. 1996లో ఆ నీరు మొదటిసారి చెన్నై చేరినది. కనుక కడపవారు మనకు ఎగువవారైనట్లే మనము చెన్నైకి ఎగువవారము. ప్రతి ఊరికిని ఎగువ ఒక ఊరున్నది, దిగువ ఒక ఊరున్నది. ఎగువవానిని నిందించు ప్రతివాడును దిగువవానికి జవాబు చెప్పుకొనవలసినవాడే.

సముద్రతీరములు నేర్పిన పాఠము

మంచినీటి చెరువులకే గాక మహాసముద్రములకును ఈ బాధ తప్పలేదు. 2008లో చీనాదేశమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి గదా! పడవ పందెములు జరుగవలసిన చింగ్‌డావ్ తీరమున పందెములకు కొద్ది వారముల ముందు పచ్చనాచు మేటలుగా వచ్చి పడినది. పదివేలమందికి పైగా పూనుకొని పది లక్షల టన్నులకు మించిన నాచును ఎత్తిపోసిరి. పందెములు జరిగినవి. కాని ఆ తరువాతి సంవత్సరములలో ఆ నాచు మరల మరల వచ్చుచునే యున్నది. ఏలయన, అది పుట్టినది ఆ తీరమున కాదు. దక్షిణమున చాల దూరముననున్న తీరములో, ఆహారమునకై ఒక జాతి సముద్రపు నాచును సాగుచేయు తెప్పలపై అది మొలచినదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒడ్డున ఎత్తినవారు వేరు, పుట్టించినచోటు వేరు.

ఫ్రాన్సు దేశమున బ్రిటనీ అను ప్రాంతమున్నది. పశుపోషణకు, వ్యవసాయమునకు పేరుపొందినది. అక్కడి పొలములనుండి నదులలోనికి దిగిన నత్రజనివలన సముద్రపుటొడ్డున ఏటేట పచ్చనాచు పేరుకొనుచున్నది. 2009లో ఆ తీరమున నాచుకుప్పల నడుమ పోవుచున్న ఒక గుఱ్ఱము మరణించెను. రౌతు స్పృహ తప్పెను. కుళ్ళిన నాచుకుప్పలోనుండి వెలువడిన, కుళ్ళిన గ్రుడ్డు వాసనగల విషవాయువే దీనికి కారణమని తేలినది.

ఈ రెండు తీరములును మనకు రెండు మాటలు చెప్పుచున్నవి. నాచును తీయవలసినదే గాని, తీయుటతోనే పని తీరదు. తీసిన నాచును ఒడ్డుననే విడిచిపెట్టుట తీయకపోవుటకంటె మేలు కాదు.

మైలుతుత్తముతో తొందరపడరాదు

ఇట్టి సమయములలో ఎవరో ఒకరు, "ఒక బస్తా మైలుతుత్తము చల్లిన సరి, మరునాటికి నీరు తేటపడును" అని సలహా చెప్పుదురు. మైలుతుత్తము నాచును చంపుమాట నిజమే. కాని చచ్చిన నాచు తనలోని విషమును ఒక్కసారిగా నీటిలోనికి విడుచును. అంతవరకు పచ్చగా నుండి మనలను హెచ్చరించుచున్న విషము అప్పుడు కంటికి కనబడక నీటిలో కలిసిపోవును.

ఆస్ట్రేలియాలోని పామ్ దీవిలో 1979లో ఇట్లే జరిగినది. మంచినీటి జలాశయములో నాచు పెరిగినదని మైలుతుత్తము వేసిరి. కొద్ది దినములకే 148 మంది వ్యాధిగ్రస్తులైరి. వారిలో ఎక్కువమంది పిల్లలు. మొదట కారణము తెలియక దానిని వింతరోగమనిరి. కనుక అధికారుల సలహా లేక చెరువులో ఏ మందును చల్లరాదు.

కాచి త్రాగిన చాలునని మరికొందరు తలంతురు. కాచుటవలన కలరా క్రిములు చచ్చును గాని నాచు విషము పోదు. 2014లో అమెరికాలోని టొలీడో నగరమున సరస్సు నీటిలో ఈ విషము కనబడినప్పుడు సుమారు అయిదు లక్షలమంది ప్రజలకు, ఆ నీరు త్రాగవద్దు, కాచియు త్రాగవద్దు అని అధికారులు చాటించిరి.

రేవులో చేయవలసిన పనులు

మొదటి పని పశువులను, పిల్లలను ఆ నీటినుండి తప్పించుట. గాలి ఏ దిక్కునకు వీచునో ఆ దిక్కు ఒడ్డున నాచు పేరుకొనును. పడమటిగాలి వీచు దినములలో తూర్పు ఒడ్డును అనుమానింపవలెను. అన్నిటికంటె మేలైనది నీటితొట్టి. గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద మన రాష్ట్రమున ఎన్నో పల్లెలలో పశువుల నీటితొట్లు కట్టబడినవి. అవి ఎండాకాలమునకు ముందే బాగుచేయబడి, బోరునీటితో నిండియున్న యెడల పశువు రేవునకు పోవలసిన పనియే లేదు. నాచు పేరుకొన్న రేవు వద్ద ఎఱ్ఱగుడ్డ కట్టి, ఊరిలో దండోరా వేయింపవలెను.

రెండవ పని నాచును తీయుట. పోగునాచును దంతెలతోను, వలలతోను ఒడ్డునకు లాగవచ్చును. దానిని ఒడ్డున ఒక పూట ఆరనిచ్చి, నీరు మరల చెరువులోనికి జారని చోటికి, అనగా కట్ట వెలుపలికి, తరలింపవలెను. ఎండుగడ్డి, ఆకులు, పేడ పొరలు పొరలుగా వేసి దానితో కలిపి మాగవేసిన యెడల మంచి కంపోస్టు ఎరువగును. చెరువులోనికి జారిపోయిన భాస్వరము ఆ విధముగా మరల చేనికి చేరును.

రంగువలె తేలు నాచును మాత్రము కంపోస్టు గుంటలో వేయరాదు. చిక్కని గుడ్డతో కట్టిన జల్లెడవంటి వలతో పైపొరను తీసి, పశువులు, కుక్కలు రాని చోట, బావులకు దూరముగా గుంట త్రవ్వి, మన్ను కప్పవలెను. ఎండిన పొరలోను విషము నెలల తరబడి నిలిచియుండగలదు. ఈ పని చేయువారు చేతులకు, కాళ్ళకు తొడుగులు వేసికొనవలెను. పనియైన పిమ్మట మంచినీటితో కడుగుకొనవలెను. కుళ్ళు వాసన ఎక్కువగా నున్న కుప్ప దగ్గర ఒంటరిగా పనిచేయరాదు.

మూడవ పని పశువునకు వణకు, తూలు కనబడిన వెంటనే పశువైద్యునికి కబురంపుట. ఆ యుదయము అది త్రాగిన చోటినుండి ఒక సీసా నీరు పట్టి దాచియుంచుడు. మా యింట ఆ సీసా ఒక్కటి యున్నచో, రెండిండ్ల మధ్య ఆ తలుపు మూతపడెడిది కాదేమో!

మూలమును అరికట్టుట

రేవులోని పనులు ఈ యేటివి. వచ్చు యేటి పనులు చెరువునకు ఎగువన ఉన్నవి.

ఎగువ పొలములవారు భూసార పరీక్ష చేయించి, నేలకు కావలసినంత భాస్వరమునే వేయవలెను. ఏటేట వేసినందున నేలలో భాస్వరము నిలువయున్న చేలకు మరల బస్తా వేయుట రొక్కమును వాగులో పారవేయుటయే. యూరియాను ఒక్కసారిగా గాక దఫాలుగా వేయవలెను. మడిలో నీటిని పలుచగా చేసి చల్లి, ఒకటి రెండు దినముల తరువాత నీరు పెట్టవలెను. చల్లిన వెంటనే మడి నీటిని బయటికి వదలరాదు. మబ్బు కమ్మియున్న దినమున ఎరువు చల్లరాదు.

వాగు చెరువులో కలియుచోట గడ్డిని, తుంగను కొంత వెడల్పున పెరుగనిచ్చిన యెడల, వచ్చు నీటివేగము తగ్గి, మన్ను, దానితోకూడ భాస్వరము అచటనే నిలిచిపోవును. ఆ గడ్డిని అప్పుడప్పుడు కోసి పశువులకు వేసికొనవచ్చును. పెంటకుప్పలను వాగు ఒడ్డునుండి తొలగించి గుంటలలో వేయవలెను. ఊరి మురుగు నేరుగా చెరువులో పడకుండ ఇంకుడుగుంటలు త్రవ్వవలెను. బట్టలుతుకుటకు చెరువు వెలుపల చప్టా కట్టించి, ఆ నీటిని చెట్లకు మళ్ళింపవచ్చును. చేపల పాట పాడినవారు పేడను, కోళ్ళ ఎరువును చెరువులో వేయరాదని పాట సమయముననే షరతు వ్రాయించుకొనవలెను. చేపవలన కొందరికి లాభము, నీటివలన అందరికిని బ్రతుకు.

అన్నిటికంటె పెద్దపని పూడిక తీయుట. పూర్వము వేసవి రాగానే రైతులు బండ్లు కట్టుకొని చెరువుమన్ను చేలకు తోలుకొనుచుండిరి. చెరువు లోతయ్యెడిది, చేను బలిసెడిది. రసాయనిక ఎరువుల బస్తాలు వచ్చిన పిమ్మట ఆ బండ్లు నిలిచిపోయినవి. తెలంగాణములో 2015లో మిషన్ కాకతీయ ఆరంభమైనప్పుడు, చెరువులలో తీసిన పూడికమన్నును రైతులు తమ చేలకు తోలుకొనిరి. పాతపద్ధతి పనికిరానిది కాదని అది మరల చాటినది. నాచు తినవలసిన తిండిని పైరుచేత తినిపించుటయే ఇందలి కిటుకు.

పని ఎవరిది?

మీకు పడమట, కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు కలదు. ఉదయగిరి నుండి పాలించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు దానిని కట్టించి, 1369లో శాసనము వేయించెను. చెరువునకు అనంతరాజ సాగరమని పేరు. ప్రతిదినము వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లకు అది పూర్తియైనదని ఆ శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు 12 అంగములు, చెడ్డ చెరువునకు 6 దోషములు కలవని కూడ అందు వ్రాయబడినది. కట్టనుండి నీరు ఊరుట, చవుటినేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మెట్ట యుండుట, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువగుట, నీరు ఎక్కువై భూమి తక్కువగుట, ఇవి ఆరు దోషములు.

నాచు ఆ యారింటిలో లేదు. ఆనాడు ఎరువుబస్తాలు లేవు, సబ్బుపొడి లేదు, కాలువలో పడు మురుగును ఇంత లేదు. నీరు పచ్చబడుట ఏడవ దోషము. ఇది నేలవలన గాని, వానవలన గాని వచ్చినది కాదు. మన కాలమున, మన చేతులతో కలిపినది. కనుక మన చేతులతోనే తీయవలసినది.

పూర్వము కుడిమరామత్తు అను ఆచారముండెను. చెరువు కట్టకు, కాలువకు కావలసిన చిన్నపనులకు ఇంటికొక మనిషి వచ్చి నడుము వంచెడివాడు. రాజులు మారినను ఆ పని ఆగలేదు. 1997లో మన రాష్ట్రమున నీటివనరుల నిర్వహణలో రైతులకే భాగము కల్పించుచు చట్టమొకటి చేయబడినది. నీటి వినియోగదారుల సంఘములు దానివలన ఏర్పడినవే. తూములకు, కాలువలకు మాత్రమే గాక నీటి శుద్ధికిని ఆ సంఘములు పూనుకొనవలెను. ప్రతి సంవత్సరము మాఘమాసముననే ఒక దినము సంఘమువారు, పంచాయతీవారు, రేవున బట్టలుతుకువారు, చేపలు పట్టువారు, ఎగువ పల్లెల పెద్దలు చెరువు చుట్టును కలిసి నడచి, ఏ వాగులో ఏమి కలియుచున్నదో కన్నులార చూడవలెను. గదిలో కూర్చుండి ఒకరినొకరు నిందించుకొనుటకంటె, వాగు ఒడ్డున నిలిచి చూచుట మేలు.

సోదరులారా, సోదరీమణులారా! మా తండ్రి చెడ్డవాడు కాడు. పెదనాన్నయు చెడ్డవాడు కాడు. వారిద్దరి నడుమ తెలియనితన మొకటి యుండెను. కష్టము వచ్చినప్పుడు మనము మనిషిని వెదకుదుము. కారణమును వెదకుట ఆలస్యముగా నేర్చుకొందుము. ఆ యాలస్యమునకు మా యిల్లు పదకొండేండ్లు చెల్లించినది.

మీరు అంత వెల చెల్లింపనక్కరలేదు. రేపు ఉదయము రేవునకు పోవునప్పుడు పశువుకంటె నాలుగడుగులు ముందుగా నడచి, నీటి రంగు చూడుడు. పచ్చగా నున్న యెడల పశువును మళ్ళించి, ప్రక్కింటివానిని పిలువుడు. నిందించుటకు గాక, కలిసి చూచుటకు పిలువుడు. సాగరమని పేరుపెట్టుకొన్న ఊరు తన సాగరమును తేటగా నుంచుకొనుగాక!